పొద్దున్నే ఏబీఎస్ లైట్, మధ్యాహ్నానికి మాయం: వాగు నీళ్ల పనేనా?

పెన్నా_జీపు
డీజిల్ ఫోర్‌బైఫోర్. కంపెనీ పేరు చెప్పను, చెబితే చర్చంతా దాని మీదికే పోతుంది. వాయుగుండం వానలప్పుడు ఆత్మకూరు నుంచి వస్తూ ఒక చప్టా దాటాను. నీళ్లు చక్రం సగం దాకా ఉన్నాయి, అంతకు మించి లేవు. ఆ రోజు ఏమీ కాలేదు. కొన్నాళ్లు పోయాక మొదలైంది తమాషా. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఏబీఎస్ (బ్రేకు నొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఈఎస్‌పీ (బండి పక్కకు జారకుండా చూసేది) లైట్లు రెండూ వెలుగుతాయి, ఎండెక్కాక ఆరిపోతాయి. మంచు బాగా పడిన రోజు సాయంత్రం దాకా అలాగే ఉంటాయి. బండి రెండు రోజులు కదపకపోతే బ్యాటరీ దిగిపోతోంది. మొన్న అర్ధరాత్రి హారన్ దానంతట అదే మోగి వీధి వీధంతా లేచింది.

సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి, "ముందు వైపు వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలి, బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లు, హారన్ లాంటివి నడిపే కంప్యూటర్) కూడా పోయుండొచ్చు" అన్నారు. ఎస్టిమేట్ లక్ష దాటింది. మాడ్యూల్ విప్పి చూశారా అంటే లేదన్నారు. "పోయుండొచ్చు" అన్న మాటకే లక్షా?

ఇది నిజంగా హార్నెస్ మార్చాల్సిన జబ్బేనా? మళ్లీ వానలు వచ్చేలోపు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు), ఫ్యూజ్ బాక్సు, వీటికి నీళ్లు తగలకుండా ఏం చేసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

దుర్గం_540
నా పాత మహీంద్రా జీపు ఎంఎం 540లో ఎలక్ట్రానిక్స్ అంటే హారనొక్కటే. అది నేను నొక్కినా మోగదు.

కావలి_కుర్రోడు
మొదలెట్టాడు దుర్గం అన్న. ఇంకెవరూ సాయం చేయనక్కర్లేదు ఇక.

ఒంగోలు_వైరింగ్
హార్నెస్ జోలికి పోకముందు ఒకటి చెప్పు తమ్ముడూ. కంపెనీ ఇచ్చినవి కాకుండా బయట ఏమేం వేయించావు? ఫాగ్ ల్యాంపులు, లైట్‌బార్, కెమెరా, ట్రైలర్ సాకెట్, ఏదైనా సరే.

పెన్నా_జీపు
లైట్‌బార్ ఉంది. బంపర్ మీద రెండు ఫాగ్ ల్యాంపులు, ఇంకో పెద్ద హారన్. అన్నీ ఒకే యాక్సెసరీస్ షాపులో వేయించాను. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) పెట్టే ఇచ్చామన్నాడు.

ఒంగోలు_వైరింగ్
అదీ సంగతి. రిలే పెట్టే ఉంటాడు, జాయింట్లు ఎలా వేశాడన్నది అసలు ప్రశ్న. నా షెడ్డుకు వానలు తగ్గాక వచ్చే బండ్లలో ఎక్కువ భాగం ఇవే. కంపెనీ కప్లర్‌కు రబ్బరు సీలు ఉంటుంది, నీళ్లు అంత తేలిగ్గా పోవు. షాపువాడు ఆ వైరును మధ్యలో గోరి, ఇంకో వైరు చుట్టి, నల్ల టేపు వేస్తాడు. ఆ టేపు మన ఎండలకు జిగురు వదిలి ఊడుతుంది. ఇక అక్కడి నుంచి నీళ్లు లోపలికి పోతాయి. వైరు లోపలున్న సన్నటి రాగి పోగులు దీపం వత్తి నూనె పీల్చినట్టు నీళ్లను పీలుస్తాయి. జాయింటు బంపర్ దగ్గర ఉంటుంది, చిలుము మాత్రం అక్కడి నుంచి జానెడు దూరంలో, పైన తొడుగు బాగానే కనిపించే చోట పడుతుంది. అందుకే పైపైన చూసి ఎవరూ కనిపెట్టలేరు.

నీ లక్షణాలు చూస్తే నాకు మూడు అనుమానాలు. లైట్‌బార్ ఎర్త్‌ను (కరెంటు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగిపోయే వైరును) కంపెనీ ఎర్త్ బోల్టు కిందే బిగించి ఉంటాడు. అక్కడ చిలుము పడితే అదే ఎర్త్ మీద నడిచే ఏబీఎస్ యూనిట్‌కు వోల్టేజీ సరిగా అందదు, లైటు వేస్తుంది. హారన్ సంగతి: చాలా బండ్లలో మనం నొక్కే బటన్ రిలే వైరును ఎర్త్‌కు కలుపుతుంది, అంతే. ఆ వైరుకు జాయింటు వేసి అది తడిసి బాడీకి తగిలితే, బటన్ నొక్కినట్టే లెక్క. బ్యాటరీ దిగడం కూడా ఏదో తడి జాయింటు గుండా కరెంటు కారడమే అయ్యుండొచ్చు.

మల్టీమీటర్ ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు, ఫ్యాను అన్నీ వేసి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఆ ఎర్త్ బోల్టుకున్న రింగు మీద పెట్టు. 0.1 వోల్టు లోపు చూపిస్తే బాగున్నట్టు. 0.2 దాటితే విప్పి శుభ్రం చేయాల్సిందే. పొద్దున్నే లైటు వెలుగుతున్నప్పుడే చూడు, మధ్యాహ్నం చూస్తే ఆరిపోయి ఉంటుంది.

చీమకుర్తి_క్వారీ
ఇంత తతంగం ఎందుకు. ఫ్యూజ్ బాక్సు, ఈసీయూ డబ్బా చుట్టూ సిలికాన్ కొట్టెయ్యి. వైర్లు లోపలికి పోయే చోట ఎం-సీల్ పెట్టు. మా క్వారీ బండ్లన్నిటికీ అదే.

గిద్దలూరు_ఘాట్
@చీమకుర్తి_క్వారీ వద్దన్నా. ఫ్యూజ్ బాక్సు అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి, చూశావా? లోపలికి వచ్చిన నీళ్లు కారిపోవడానికి పెట్టినవి అవి. వాటిని కూడా మూస్తే నీళ్లు లోపలే ఉంటాయి. ఎండకు ఆవిరవుతాయి, రాత్రికి మళ్లీ ఫ్యూజుల మీదే చెమ్మగా పడతాయి.

ఇంకోటి. వేడి మీదున్న డబ్బా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఎక్కడ సందుంటే అక్కడ నుంచి నీళ్లను లాక్కుంటుంది. యాక్సిల్ బ్రీదర్ పైపు (యాక్సిల్ లోపలికి గాలాడే పైపు) పైకి కట్టుకోమనేది అందుకే. ఈసీయూ, హెడ్‌లైటు కూడా అంతే. కంపెనీవాళ్లు వాటికి గాలి పోయి నీళ్లు పోని సన్నటి పొర ఒకటి పెడతారు, రూపాయి బిళ్ల కంటే చిన్నది. దాని మీద కూడా సిలికాన్ పూసినవాళ్లను చూశాను. లోపలికి గాలి రావడానికి దారి మూసేస్తే అది సీలు పక్క నుంచి నీళ్లతో సహా లాగుతుంది.

చీమకుర్తి_క్వారీ
మీరు అడవిలో తిరుగుతారు, మీకు నీళ్లే నీళ్లు. మాకు రాతి పొడి. ఆ పొడి నీళ్లలో కలిసి కప్లర్లో దూరి గట్టిపడితే పిన్ను బయటికి రాదు, కప్లర్ పగలగొట్టాలి. గాలి ఆడనివ్వండి అనేవాళ్లు ఒక్క వారం మా దగ్గరికి వచ్చి బండి నడపండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఒంగోలు_వైరింగ్
క్వారీ బాబాయ్ చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది. దుమ్ము చోటు వేరు, వాగు చోటు వేరు. మూత అంచున, వైరు దూరే చోట సీలు చెయ్యి, తప్పులేదు. అడుగు రంధ్రాలు, గాలి పొర మాత్రం వదిలెయ్యి. సిలికాన్ కొనేటప్పుడు వాసన చూడు. వెనిగర్ ఘాటు వచ్చేది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసున్నదే తీసుకో.

చీమకుర్తి_క్వారీ
అద్దాలు అతికించే సిలికాన్‌తోనే ఇన్నాళ్లూ కానిచ్చాం. సరే, ఈసారి వాసన చూస్తాం.

రొయ్యల_గుంట
మీరంతా వాగు నీళ్లకే ఇంత కంగారు పడుతున్నారు. అవి మంచినీళ్లు, ఆరితే పోతాయి. మా విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బొలెరో క్యాంపర్ల గతేంటి? ఉప్పునీళ్లు ఆరినా ఉప్పు పోదు. రాత్రి గాలిలో తేమ తగలగానే మళ్లీ తడుస్తుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది, కప్లర్లో ఒక్క చుక్క చాలు.

గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల ప్యానెల్ బోర్డులు పెట్టేటప్పుడు మా ఎలక్ట్రీషియన్‌ది ఒకటే పద్ధతి. వైరు బాక్సులోకి కింద నుంచే పోవాలి, పైనుంచి ఎప్పుడూ పోకూడదు. లోపలికి పోయే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. వైరు మీదుగా కారే నీళ్లు ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి. మా బండికి లైట్లు వేయించినప్పుడు పక్కనుండి అలాగే వేయించాను. పైసా ఖర్చు లేదు.

కడగడం గురించి కూడా చెబుతా. ఉప్పులో తిరిగొచ్చాక మంచినీళ్లతో కడగాలని అందరికీ తెలుసు. మా దగ్గర బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు! వాటితోనే అండర్‌బాడీ కొట్టించి, కడిగేశాం అని తృప్తిగా ఇంటికి పోతారు. నేను కాలవ నీళ్లే వాడతా.

కావలి_కుర్రోడు
కాలవలో బండి దింపితే రైతులు తంతారు బాబాయ్.

రొయ్యల_గుంట
నేనూ రైతునే అబ్బాయ్. డ్రమ్ములో తోడుకుని గట్టు మీద కడుగుతా.

కోడూరు_అలలు
కొత్తకోడూరు, మైపాడు ఇసుకలో అలల్లో బండి తిప్పి రీల్స్ పెట్టేవాళ్లకు పై పోస్టు ప్రింటు తీసి పంచాలి. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే ఒడ్డు అది, ఆ సంగతి వేరే. బండి సంగతే చూసినా, అల కొట్టిన నీళ్లు రేడియేటర్ సందుల్లోంచి నేరుగా డైనమో మీద పడతాయి. డైనమోకు గాలి తగలాలి కాబట్టి చుట్టూ సందులే. ఉప్పు లోపల పేరుకుంటే బ్రష్‌లు, రెక్టిఫయర్ రెండూ పోతాయి.

పెన్నా_జీపు
@ఒంగోలు_వైరింగ్ పొద్దున్నే చూశాను అన్నా. ఎడమ హెడ్‌లైటు వెనకున్న ఎర్త్ బోల్టు దగ్గర 0.6 చూపించింది. ఒకే బోల్టు కింద నాలుగు రింగులు. పై రెండూ షాపువాడివే. ఆదివారం విప్పుతా.

ఒంగోలు_వైరింగ్
0.6 చాలా ఎక్కువ. షాపు రింగులు రెండూ అక్కడి నుంచి తీసెయ్, వాటికి వేరే చోట రంగు గీకి కొత్త బోల్టు వెయ్యి. కంపెనీ రింగులు సన్నటి ఎమరీ పేపరుతో మెరిసేలా రుద్ది, బిగించాక పైన గ్రీజు పట్టించు. బిగించకముందు కాదు. విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీయడం మర్చిపోవద్దు.

టీచరమ్మ_కలిగిరి
ఆగి ఆగి చదువుతున్నాను, చాలా ఉపయోగంగా ఉంది. పూర్తిగా మునిగిన బండి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు తెగిన రోజుల్లో కోవూరులో మా అన్నయ్య బండి ఇంటి ముందే మునిగింది. సీట్ల దాకా నీళ్లు వచ్చాయి. నీళ్లు తీశాక ఆయన తాళం చెవి జోలికే పోలేదు. బ్యాటరీ విప్పి, ఫొటోలు తీసి, బండిని లాగించుకుని పోయాడు. సీట్లు, కార్పెట్ మొత్తం పీకి ఆరబెట్టారు. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ గేర్ లివర్ కింద నేల మీదే ఉంటుందట, అది మార్చాల్సి వచ్చింది. క్లెయిమ్ వచ్చింది.

పక్కింటాయన "ఆరిందిలే" అని సెల్ఫ్ కొట్టాడు. సిలిండర్లో నీళ్లున్నాయి, కనెక్టింగ్ రాడ్ వంగింది. వరదలో మునిగిన నష్టం మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో వస్తుంది. మునిగాక స్టార్ట్ చేయడం వల్ల పోయిన ఇంజిన్‌కు రాదు, దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా కట్టి ఉండాలి. అది కట్టినా, స్టార్ట్ చేశారని తెలిస్తే పేచీ పెడతారు.

బేస్తవారిపేట_బుల్లెట్
మేడమ్, కార్పెట్ పూర్తిగా పీకాల్సిందేనా? పైన ఆరితే చాలదా?

టీచరమ్మ_కలిగిరి
చాలదండి. కింద స్పాంజి మందంగా ఉంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగా తగిలింది, గుద్దితే నీళ్లు ఊరాయి. ఆ స్పాంజి కిందే వైర్లన్నీ పోతాయి.

రొయ్యల_గుంట
బ్యాటరీ ముందు విప్పడం మేడమ్ కరెక్టుగా చెప్పారు. ఉప్పునీళ్లయితే ఇంకా ముఖ్యం. కరెంటు ఉన్న పాజిటివ్ పిన్ను ఉప్పునీళ్లలో ఉంటే ఒక్క రాత్రిలో తినుకుపోతుంది. తుడుచుకోవడాలు, ఆరబెట్టుకోవడాలు అన్నీ తర్వాత.

కావలి_కుర్రోడు
ఈసీయూ తడిస్తే బియ్యం డ్రమ్ములో పెట్టమని మా మామ అంటాడు, ఫోన్ బాగయిందట.

దుర్గం_540
నెల్లూరు మొలగొలుకులైతే ఇంకా త్వరగా బాగవుద్ది.

ఒంగోలు_వైరింగ్
బియ్యం పిండి పిన్నుల్లో దూరి ఇంకో జబ్బు తెస్తుంది. తెరవగలిగిన బోర్డయితే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి (బ్యాటరీలో పోసేదే), తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఆపైన నీడలో ఫ్యాను కింద ఆరబెట్టాలి. హీట్ గన్ను దగ్గరగా పెడితే సోల్డరు, ప్లాస్టిక్కు రెండూ పోతాయి. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌తో మాత్రం ఇవేవీ చేయొద్దు, మార్చడమే.

బేస్తవారిపేట_బుల్లెట్
కొత్త బండి కొందామని చూస్తున్నా. థార్ 650 మిల్లీమీటర్లు, గూర్ఖా 700 అని రాస్తున్నారు. అంత లోతు దాకా ఎలక్ట్రానిక్స్‌కు భయం లేనట్టేనా?

గిద్దలూరు_ఘాట్
అది నిలకడ నీళ్లలో మెల్లగా దిగి మెల్లగా పోతే. స్పీడుగా దూకితే బానెట్ ముందు నీళ్లు ఎగదన్ని లెక్క మారిపోతుంది. దిగేముందు పది నిమిషాలు బండి ఆపి చల్లారనివ్వు. ఏసీ ఆపెయ్. కిటికీలు దించుకో, నీళ్లలో పవర్ విండో మొరాయిస్తే బయటికి రాలేవు. లో రేంజ్‌లో (ఫోర్‌బైఫోర్‌లో మెల్లగా, బలంగా లాగే గేరులో) వేసి, ముందు ఒక అల లేస్తుంది చూడు, దాని వెనకే పోవాలి. గేరు మార్చొద్దు. అన్నిటికంటే ముందు ఎవరో ఒకరు కర్రతో నడిచి చూడాలి. పారే నీళ్లయితే, నడిచినవాడికి కాలు నిలవకపోతే, బండి కూడా వద్దు.

ఐపీ 67 అని రాసున్న లైట్లు, కప్లర్లు కొంటుంటారు కదా. దాని అర్థం మీటరు లోతులో అరగంట ఉంచి పరీక్షించారని. కొత్త ముక్క, మంచినీళ్లు. ప్రెజర్ గన్ను పరీక్ష వేరే, దాన్ని 69కె అంటారు. 67 ఉంది కదా అని గన్ను పెట్టించకండి.

ఒంగోలు_వైరింగ్
నేను చెబుదామనుకున్నది గిద్దలూరు తమ్ముడు చెప్పేశాడు. వాగుల్లో పోయిన బండ్ల కంటే వాటర్ సర్వీస్‌లో పోయిన బండ్లు నా దగ్గరికి ఎక్కువ వస్తాయి. బురద పోలేదని కుర్రాడు గన్ను తీసుకెళ్లి నేరుగా ఫ్యూజ్ బాక్సు మూత సందులో పెడతాడు. బానెట్ కింద గన్ను వద్దని చెప్పి పక్కనే నిలబడండి. టీ తాగడానికి పోవద్దు.

చీమకుర్తి_క్వారీ
మా సిలికాన్ బండ్లకు ఆ బాధే లేదు 😄

పెన్నా_జీపు
ఆదివారం విప్పాను. ఎర్త్ బోల్టు కింద షాపు రింగుల్లో ఒకటి చేత్తో లాగితే వైరుతో సహా ఊడొచ్చింది, లోపల రాగి లేదు, పచ్చ పొడి. కంపెనీ రింగులు నల్లబడ్డాయి గానీ రుద్దితే మెరిశాయి. బోల్టు కింద కొంత రంగు కూడా గీకకుండా వదిలేశాడు మహానుభావుడు.

హారన్ జాయింటు బంపర్ వెనక కిందికి వేలాడుతోంది, నల్ల టేపు సగం ఊడి. తొడుగు చీల్చుకుంటూ పోతే మెరిసే రాగి దొరకడానికి జానెడు పైనే కత్తిరించాల్సి వచ్చింది. ఒంగోలు అన్న చెప్పినట్టే, బయట తొడుగు కొత్తదానిలా ఉంది. దాన్ని తీసేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ వేసి కొత్త జాయింటు వేశాను. ఆ తర్వాత ఏబీఎస్ లైటు రాలేదు. హారన్ కూడా బుద్ధిగా ఉంది. బ్యాటరీ మాత్రం ఇంకా కొంచెం దిగుతోంది.

సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి హార్నెస్ ఆర్డర్ వద్దని చెప్పాను. "మళ్లీ వస్తే మా బాధ్యత కాదు సార్" అన్నారు. ఇంతకుముందు బాధ్యత ఉన్నట్టు!

కావలి_కుర్రోడు
లక్ష మిగిలింది, చేపల పులుసు పెట్టించు అన్నా.

ఒంగోలు_వైరింగ్
సంతోషం తమ్ముడూ. బ్యాటరీకి ఇలా చూడు. బండి లాక్ చేసి అరగంట పైనే వదిలెయ్, మాడ్యూళ్లన్నీ నిద్రపోవాలి. నెగటివ్ వైరు విప్పకుండానే మధ్యలో మీటరు కలిపి ఆ తర్వాత విప్పు, లేకపోతే అన్నీ మళ్లీ లేస్తాయి. 50 మిల్లీఆంపుల లోపు ఉంటే మామూలే. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ ఎక్కడ పడిపోతుందో చూడు. లైట్‌బార్ రిలే మీదే నాకు అనుమానం.

బేస్తవారిపేట_బుల్లెట్
కప్లర్లలో గ్రీజు పెట్టొచ్చా పెట్టకూడదా? యూట్యూబ్‌లో ఒకడు తప్పనిసరి అంటాడు, ఇంకొకడు అది కరెంటు ఆపేస్తుందంటాడు.

ఒంగోలు_వైరింగ్
డైఎలెక్ట్రిక్ సిలికాన్ గ్రీజు. అది కరెంటు మోయదు, నిజమే. పిన్ను లోపలికి బిగుతుగా దిగేటప్పుడు తగిలే చోట పక్కకు జరుగుతుంది, కాబట్టి ఆపదు కూడా. రబ్బరు సీలుకు పల్చగా పూస్తే చాలు. కప్లర్ నిండా కూరితే గాలి బయటికి పోక సరిగా లాక్ అవదు. వీల్ బేరింగ్‌కు వేసే గ్రీజు, వ్యాజ్‌లైన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బుతుంది. డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేసేవాళ్లున్నారు. అది తడిని తోసెయ్యడానికి బాగుంటుంది, ఎక్కువ కాలం నిలవదు.

పెట్రోలు బండ్లవాళ్లు ఆక్సిజన్ సెన్సర్ కప్లర్‌కు మాత్రం ఏ గ్రీజూ పెట్టొద్దు. ఆ సెన్సర్‌కు పోల్చుకోవడానికి బయటి గాలి కావాలి, చాలా వాటిలో ఆ గాలి వైరు పోగుల సందుల్లోంచే పోతుంది. గ్రీజు పెడితే దారి మూసుకుని తప్పు రీడింగు ఇస్తుంది.

బేస్తవారిపేట_బుల్లెట్
ఇది ఎక్కడా వినలేదు. నా తమ్ముడి బండికి మొన్ననే పెట్టాడు, ఇప్పుడే ఫోన్ చేస్తా.

పెన్నా_జీపు
రిలేనే అన్నా. 310 మిల్లీఆంపులు చూపించింది, లైట్‌బార్ ఫ్యూజు తీస్తే 30కి పడిపోయింది. రిలే విప్పితే లోపల నీళ్ల మరక. బోర్లా కాకుండా, పిన్నులు పైకి పెట్టి బిగించాడు, వానంతా అందులోకే. పిన్నులు కిందికి ఉండేలా ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ) మీద కొత్తది పెట్టిస్తున్నా, సీలున్న కప్లర్‌తో. రొయ్యల బాబాయ్ చెప్పిన వంపు కూడా.

రొయ్యల_గుంట
వంపు అడుగున టై బిగించొద్దు, నీళ్లు అక్కడే నిలుస్తాయి. దానికి పైన కట్టించు.